పార్కింగ్ ఛార్జీకి కౌంటీ కోర్టు ఫారం వచ్చింది, కట్టేయాలా?

కట్టేయకండి, పారేయకండి కూడా. ముందు ఆ ఫారం మొదటి పేజీలో ఇష్యూ డేట్ ఎంతుందో చూసుకోండి. మీ గడువులన్నీ ఆ తేదీ నుంచే నడుస్తాయి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: రెండు గంటలు ఫ్రీగా ఆపుకునే రిటైల్ పార్కులో 20 నిమిషాలు ఎక్కువ ఉన్నారని కెమెరా పట్టుకుంది. కారు మీ పేరున ఉంది, కానీ ఆ రోజు నడిపింది రూమ్మేట్. మొదటి ఉత్తరం మూడు వారాలకు గానీ రాలేదు. 100 పౌండ్లన్నది ఇప్పుడు 267 అయింది. వీసాకి దెబ్బ పడుతుందేమోనని టెన్షన్.

నేను ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో ఉంటాను, ఇదే దారిలో నడిచి వచ్చినవాణ్ణి. 2023 నవంబరులో ఒక ఆదివారం పొద్దున పాలు, పెరుగు కొనడానికి వెళ్లి ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేశాను. సాయంత్రం పాప బూట్లు మార్చడానికి మళ్లీ అక్కడికే వెళ్లాను. వాళ్ల కెమెరాకి పొద్దున బయటికి వెళ్లడమూ, సాయంత్రం లోపలికి రావడమూ కనిపించలేదు. 10:12కి వచ్చి 16:05కి వెళ్లానని, 5 గంటల 53 నిమిషాలు ఉన్నానని ఉత్తరం పంపారు. ఇలా జరగడాన్ని ఇక్కడ డబుల్ డిప్ అంటారు. అప్పుడే రెండు ముక్కల్లో అప్పీల్ రాసి ఉంటే అయిపోయేదేమో. కానీ ఒక ఫ్రెండ్ "ప్రైవేటు వాళ్ల టికెట్లు చెల్లవు, చించి పారెయ్" అన్నాడు. చించలేదు గానీ సొరుగులో పడేశాను. ఎర్ర అక్షరాల ఉత్తరాలు మూడొచ్చాయి, అవీ సొరుగులోకే. 2024 జులైలో నార్తాంప్టన్ నుంచి కోర్టు ఫారం వచ్చినప్పుడు చేతులు చల్లబడ్డాయి.

ఆ ఫ్రెండ్ సలహా ఎప్పటిదో. 2012లో వచ్చిన ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రైవేటు స్థలాల్లో చక్రాలకు క్లాంపులు వేయడాన్ని ఆపింది. దానికి బదులుగా, కొన్ని షరతులు పాటిస్తే కారు ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చని నాలుగో షెడ్యూల్లో దారి ఇచ్చింది. తర్వాత 2015లో బీవిస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చెల్మ్స్‌ఫర్డ్‌లో రెండు గంటల కంటే 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని చెప్పింది. కాబట్టి డిఫెన్సులో (కోర్టుకి మీరు రాసే జవాబులో) "వాళ్లకి నష్టమేమీ లేదు, ఇది అన్యాయం" అని పేజీలు నింపినా పనికిరాదు. వాళ్లు షరతులు పాటించారా లేదా అన్నదే చూడాలి.

మీ బలమంతా అక్కడే ఉంది. అద్దం మీద టికెట్ పెట్టకుండా కెమెరాతో పట్టుకుంటే, కీపర్‌కి (కారు ఎవరి పేరున ఉందో వాళ్లకి) ఉత్తరం 14 రోజుల్లోపు అందాలి. పార్క్ చేసిన మర్నాటి నుంచి లెక్క. పోస్టు చేసిన రోజు తర్వాత రెండో పనిదినానికి అందినట్టే చట్టం అనుకుంటుంది. అందుకే మీకు ఎప్పుడు చేరిందో కాదు, ఉత్తరం మీద వేసిన తేదీ ఏమిటో చూడండి. అది కూడా ఆలస్యమైతే కీపర్‌గా మీ మీద బాధ్యత పడదు. కవరు ఉంటే అసలు పారేయకండి. గడువులో పంపి ఉంటే మాత్రం ఈ వాదన పోయినట్టే. ఇప్పుడు రూమ్మేట్ పేరు చెప్పినా లాభం ఉండదు, కేసు వేసిన తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. నడిపింది మీరు కాదన్నది నిజమైతే నిజమనే రాయండి, కాకపోతే రాయకండి. డిఫెన్స్ చివర ఇదంతా నిజమని సంతకం పెడతారు, అబద్ధమైతే కోర్టు ధిక్కారం దాకా వెళ్తుంది.

ఇక ఆ 20 నిమిషాలు. పార్కింగ్ కంపెనీలు తమకు తాము పెట్టుకున్న కోడ్ ప్రకారమే చివర్లో కనీసం 10 నిమిషాలు వదిలేయాలి. లోపలికి వచ్చాక బోర్డు చదువుకోవడానికి ఇచ్చే టైం వేరు. పైగా కెమెరా లెక్కపెట్టేది గేటు నుంచి గేటు దాకా, కారు ఆగి ఉన్న టైం కాదు. శనివారం బయటికి వచ్చే లైను ఎంత పొడుగుంటుందో మీకే తెలుసు.

267 ఎలా అయిందో కూడా విప్పి చూడండి. 100 అసలు, 70 "వసూలు ఖర్చు", 35 కోర్టు ఫీజు, 50 లాయరు ఫీజు, మిగతాది 8 శాతం వడ్డీ. ఆ 70 మీద గట్టిగా అభ్యంతరం రాయండి. కీపర్ దగ్గర ఛార్జీ కింద మొదటి ఉత్తరంలో రాసిన మొత్తానికి మించి వసూలు చేయకూడదని అదే షెడ్యూల్లో ఉంది.

గడువుల సంగతి. ఇష్యూ డేట్‌కి 5 రోజులు కలిపితే ఫారం మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో ఆన్‌లైన్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్, అంటే ఫారం అందిందన్న జవాబు, ఇవ్వాలి. అది ఇస్తే డిఫెన్స్‌కి మొత్తం 28 రోజులు దొరుకుతాయి, అంటే ఇష్యూ డేట్ నుంచి 33. అక్నాలెడ్జ్‌మెంట్ ఇచ్చే రోజు డిఫెన్స్ పెట్టెలో ఒక్క మాట కూడా టైప్ చేయకండి, చేస్తే అదే మీ డిఫెన్స్ అయిపోతుంది. ఈలోపు మీ గురించి వాళ్ల దగ్గరున్న ఫొటోలు, ఉత్తరాల కాపీలు అన్నీ పంపమని కంపెనీకి రాయండి. నెలలోపు ఇవ్వాలి, ఉచితం.

వీసా గురించి: ఇది నేరం కాదు, సివిల్ వ్యవహారం. మీరు ఓడిపోయినా నెలలోపు మొత్తం కట్టేస్తే ఆ జడ్జిమెంట్ కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో మిగలదు. కట్టకపోతే ఆరేళ్లు ఉంటుంది. వీసా ఫారాల్లో సివిల్ జడ్జిమెంట్ల గురించి అడుగుతారు కాబట్టి అంతదాకా తెచ్చుకోకూడదు. నాకు తెలిసి మనవాళ్లు దెబ్బ తినేది కోర్టులో కాదు, అడ్రసు దగ్గర. ఏడాదికో ఇల్లు మారుతుంటాం, లైసెన్స్ మీద అడ్రసు మారుస్తాం, కారు లాగ్‌బుక్ (మన ఆర్‌సీ లాంటిది) మీద మర్చిపోతాం. మా ఆఫీసులో ఒకతనికి ఉత్తరాలన్నీ పాత ఇంటికి వెళ్లాయి. ఇల్లు కొనడానికి మార్ట్‌గేజ్ అడిగితే గానీ తన మీద జడ్జిమెంట్ ఉందని తెలియలేదు. దాన్ని కొట్టేయించుకోవడానికి అప్లికేషన్ ఫీజే 300 పౌండ్ల దాకా అయింది.

నా కేసు ఎలా ముగిసిందంటే, డిఫెన్స్ ఒక పేజీన్నర రాశాను. తర్వాత ఫోన్లో మీడియేషన్ (రాజీ మాటలు) పెట్టారు, 2024 మే నుంచి చిన్న క్లెయిములకి అది తప్పనిసరి. కంపెనీ తరఫున 150కి సెటిల్ చేసుకుందాం అన్నారు. సున్నా అన్నాను. రాజీ కుదరలేదు, పది నిమిషాల్లో ఫోన్ అయిపోయింది.

తెనాలి నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి, "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడట, ఆ డబ్బులేవో కట్టేయరాదూ" అనేది. సామెత మన ఊరి కోర్టులకి సరిపోతుంది. ఇక్కడ స్మాల్ క్లెయిమ్స్‌లో అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప, ఓడినా అవతలివాళ్ల లాయరు ఖర్చులు నెత్తిన పడవు. ఫారంలో ఉన్న 50 లాంటి ఫిక్స్‌డ్ ఖర్చులు, కోర్టు ఫీజులు, హియరింగ్‌కి వచ్చిన ఖర్చుల లాంటివి, అంతే. హియరింగ్ ఫీజు కట్టాల్సి వచ్చేసరికి కేసు వదిలేసే కంపెనీలూ ఉన్నాయి. నాది వదల్లేదు.

2025 ఫిబ్రవరిలో హియరింగ్. సినిమా కోర్టు కాదు, బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్న చిన్న గది. విగ్గు లేని జడ్జి, "జడ్జ్" అని పిలిస్తే చాలు. కంపెనీ పంపిన అమ్మాయికి ఫైలు ఆ పొద్దునే చేతికొచ్చినట్టుంది. నా దగ్గరున్నది ఒక పెట్రోల్ రసీదు. మా ఆవిడకి కారు డోరు అరలో చాక్లెట్ కాగితాల కింద దొరికింది. థర్మల్ కాగితం కదా, సగం తెల్లబడిపోయి వెలుతురుకి పట్టుకుంటే తప్ప అంకెలు కనబడవు. 13:07, 38 లీటర్లు, అక్కడికి 11 మైళ్ల దూరంలో ఉన్న బంకు. బ్యాంకు స్టేట్‌మెంట్లో అదే మొత్తం ఉంది. రెండూ విట్‌నెస్ స్టేట్‌మెంట్‌తో పాటు హియరింగ్‌కి 14 రోజుల ముందే పంపాను. జడ్జి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కారు కార్ పార్కులోనే ఉంటే ఈ పెట్రోల్ ఎందులో పోసుకున్నారంటారు?" అని ఆమెను అడిగాడు. పాపం ఆమె మాత్రం ఏం చెబుతుంది. క్లెయిమ్ కొట్టేశాడు. నేను పెట్టిన సెలవుకి 95 పౌండ్లు, రానూపోనూ ఖర్చులు ఇప్పించాడు. కోర్టు పక్కన పార్కింగ్‌కి కట్టిన ఆరు పౌండ్ల నలభై పెన్నీలు కూడా అందులోనే. ఆ రసీదు మాత్రం జేబులో భద్రంగా పెట్టుకుని వెళ్లాను లెండి.

మీరు ఇవాళ అక్నాలెడ్జ్‌మెంట్ ఇచ్చేయండి. రూమ్మేట్‌ని ఆ రోజు ఏం కొన్నాడో, ఎన్నింటికి బిల్లు వేయించాడో బ్యాంకు యాప్‌లో వెతకమనండి. కాగితం రసీదు దొరికితే వెంటనే ఫొటో తీయండి, కారులో ఎండ తగిలే చోట ఉంటే ఈపాటికే అంకెలు చెరిగిపోతూ ఉంటాయి.