పంద్రాగస్టు అయిపోయాక

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పంద్రాగస్టు బాగా చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ర్యాలీ, మైకు, పిల్లలకు చాక్లెట్లు, అన్నీ విన్నాను. "ఈ ఊపు ఏడాదంతా ఉండాలంటే ఏం చెయ్యాలి మామయ్యా" అని నువ్వు పెట్టిన మెసేజూ చూశాను. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

ఊపు ఏడాదంతా ఉండదురా. ఉండాలని పట్టుబట్టకు. నెలనెలా మీటింగులు, ఉపన్యాసాలు పెడితే రెండో నెలకే నువ్వూ, నీ పక్కన ఇద్దరూ మిగులుతారు. మీ యూత్ వాళ్లకు చిన్న పని, దానికో తేదీ ఇవ్వు, చాలు.

ముందు జెండాల సంగతి చూడండి. కాగితం జెండాలు స్కూలు గేటు దగ్గర, కాలవ గట్టున ఇంకా పడే ఉంటాయి. వాటిని నేల మీద పారెయ్యకూడదని 2002 నాటి ఫ్లాగ్ కోడ్ చెబుతోంది. అన్నీ ఏరి, గుండుసూదులు తీసేసి, నలుగురి కంటా పడని చోట మర్యాదగా కాల్చెయ్యండి. చిరిగిన గుడ్డ జెండాకూ అదే పద్ధతి. మీ బండ్లకు కట్టినవి ఈపాటికి వానకు తడిసి పీలికలై ఉంటాయి, అవీ విప్పండి. అసలు వాహనం మీద జెండా ఎగరేసే హక్కు రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, మంత్రులు లాంటి కొందరికే ఉంది. మీ ర్యాలీలో ఈ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు.

నన్నడిగితే అసలైన పని ఓటర్ల జాబితా. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే ఆ లెక్కన ఇప్పుడు ఓటు నమోదు చేసుకోవచ్చు. 17 దాటిన వాళ్లు ముందుగానే ఫారం-6 ఇచ్చుకోవచ్చు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల పేర్లు వీధివీధికీ రాసుకోండి. పెళ్లయి మన ఊరొచ్చిన కోడళ్లను కూడా అడగండి, చాలామంది ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంటుంది. వాళ్లది చిరునామా మార్పు, దానికి ఫారం-8. నింపడం రాని వాళ్ల పక్కన కూర్చుని నింపించి, బీఎల్వోకి, అంటే మన బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారికి, అందేదాకా వెంటపడండి. ఎవరికి వేస్తావని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న ఒక్కసారి నోరు జారితే రెండో ఇంట్లో తలుపు తియ్యరు.

గ్రామసభకు వెళ్లు. ఒక్కడివే కాదు, నలుగురు వెళ్లండి. వెళ్లే ముందు ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో మన పంచాయతీ ఖర్చులు చూసుకుని, ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి. "నిధులన్నీ ఏమయ్యాయి" అని కేకలేస్తే గొడవవుతుంది. "ఫలానా వీధి డ్రైనేజీ ప్లాన్లో ఉంది కదా, పని ఎప్పుడు మొదలవుతుంది" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. అప్పటికీ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్పంచ్ మనకు వరసైన వాడేగా, మాట తూలకు.

డ్రైనేజీ గురించి అడగడం దేశభక్తి ఎలా అవుతుందని ఎవరో ఒకరు అంటారు. వాదించకు. వాట్సాప్‌లో ఎవరికి దేశం మీద ఎక్కువ ప్రేమ ఉందో తేల్చే పంచాయితీలకూ దిగకు. స్కూల్లో చెయ్యి చాచి చెప్పిన ప్రతిజ్ఞ మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాసింది. భారతీయులందరూ సహోదరులని ఉంది అందులో. మన గ్రూపులో ఉన్నవాళ్లు మాత్రమే అని లేదు.

డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు స్టేటస్ పెట్టి ఊరుకోకుండా, ఊళ్లో మాజీ సైనికులు, వాళ్ల భార్యలు ఎవరున్నారో చూడండి. పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ దగ్గర పెద్దవాళ్లు అవస్థ పడుతుంటారు. వేలిముద్ర పడకపోతే ఎంత టెన్షనో! బండి మీద తీసుకెళ్లి పని అయ్యేదాకా పక్కనుంటే చాలు. రక్తదానం నీకు తెలిసిందే, మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు.

ఇవన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకోకు. అక్టోబర్ 1 దగ్గర్లోనే ఉంది, ఓటర్ల పనితో మొదలుపెట్టు. చందాలు మాత్రం వసూలు చెయ్యొద్దు, వీటిలో దేనికీ డబ్బు అక్కర్లేదు. దసరాకి వచ్చినప్పుడు మీ వీధి జాబితా చూస్తాను.

ఇట్లు,
మామయ్య