ఊడిన గొట్టం, వదులైన గొట్టం

సందేహం: కారు వేడెక్కుతుంటే బానెట్ ఎత్తి చూశాను. రేడియేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం విడిపోయి పక్కకు వాలి ఉంది. నేనే బాగుచేసి, ఇంటికి ‘వదులైన గొట్టాన్ని తిరిగి అనుసంధానం చేశాను’ అని సందేశం పంపాను. మా నాన్నగారు నవ్వి, ‘అదేం తెలుగు?’ అన్నారు. ఏమని రాయాలి?

సమాధానం: ఆ నవ్వులో సగానికి పైగా ‘అనుసంధానం’ వాటా ఉంటుంది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీటిని కృష్ణకు తెచ్చినప్పుడు నదుల అనుసంధానం అన్నారు. బ్యాంకు ఖాతాకు ఆధార్‌ను అనుసంధానిస్తున్నారు. జానెడు రబ్బరు గొట్టానికి అంత పట్టాభిషేకం అక్కర్లేదు.

అసలు చిక్కు ‘వదులైన’ దగ్గర ఉంది. పట్టు సడలినా చోటు తప్పనిది వదులైనది. చోటు తప్పినది ఊడినది. వదులైన గుండీ ఇంకా చొక్కాకే ఉంటుంది, ఊడిన గుండీని వెతుక్కోవాలి. గొట్టం వదులైతే అతుకు దగ్గర కూలెంటు, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, బొట్లుబొట్లుగా కారుతుంది, క్లిప్పు బిగిస్తే సరిపోవచ్చు. ఊడితే కూలెంటు చాలావరకు బయటకు పోతుంది. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, గొట్టం పెట్టి, మళ్లీ కూలెంటు నింపాలి. మెకానిక్‌కు ఫోనులో ఒకదానికి బదులు మరొకటి చెబితే సలహా కూడా మారిపోతుంది. మీది ఊడిన గొట్టమే.

ఇక క్రియ. జిగురుతో అయితే అతికిస్తాం, కొక్కేనికి అయితే తగిలిస్తాం, రంధ్రంలోకి అయితే దూరుస్తాం. ఇక్కడ రేడియేటర్ మూతి మీదికి గొట్టం వస్తుంది కాబట్టి, చేతికి గాజులు తొడిగినట్టే, ‘తొడిగాను’ అనాలి. ‘ఎక్కించాను’ అన్నా తప్పు లేదు. రిమ్ముకు టైరు ఎక్కించడం మెకానిక్‌లకు అలవాటైన మాటే. ‘గొట్టం బిగించాను’ అనడమూ వాడుకలో ఉంది గానీ, నిజానికి బిగించేది క్లిప్పును. ‘ఊడిన గొట్టాన్ని మళ్లీ తొడిగి, క్లిప్పు బిగించాను’ అని రాయండి.

క్లిప్పు మర తుప్పు పట్టి కదలకపోతే ‘బిగించుకుపోయింది’ అని కొందరు రాస్తున్నారు. బిగించడం మన పని. తనంతట తాను పట్టేసినప్పుడు ‘బిగుసుకుపోయింది’ అనాలి.