ముందు దిగువ ఊరికి వెళ్లు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

సర్పంచ్‌గా నీ మొదటి గ్రామసభ బాగా జరిగిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీధి వీధికీ సీసీ డ్రెయిన్ వేయిస్తానని మాటిచ్చావట. మంచిదే. మరి ఆ డ్రెయిన్లలో పడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయని ఎవరైనా అడిగారా? మీ వీధి నీళ్లు ఊరి వెనక మురుగు బోదెలో కలవాలి. ఆ బోదె పొరుగూరి చేల మధ్య నుంచి పెద్ద డ్రెయిన్‌లో పడాలి. పెద్ద డ్రెయిన్ ఇంకొన్ని పంచాయతీలు దాటి సముద్రపు మొగ దాకా పోవాలి. మధ్యలో ఎక్కడ పూడినా శ్రావణంలో నీ సిమెంటు డ్రెయిన్ నీళ్లు ఇళ్లలోకే ఎదురు తంతాయి. అప్పుడు తిట్లు నీకే, దిగువ ఊరి సర్పంచ్‌కి కాదు.

మండల పరిషత్తులో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఎస్టిమేట్లు వేయించే ముందు, ఎమ్మెల్యే గారిని కలిసే ముందు, దిగువ ఊరికి వెళ్లు. ఎగువ ఊరికి తర్వాత వెళ్లొచ్చు. నీళ్లు అటునుంచే వస్తాయి కాబట్టి అందరూ మొదట ఎగువ ఊరితో తగువు పెట్టుకుంటారు. కానీ నీకు దారి ఇవ్వాల్సింది దిగువ వాళ్లు. నువ్వు డ్రెయిన్ బాగుచేస్తున్నావంటే వాళ్లకి వినపడేది వేరు: ‘పై ఊరి మునక మన మీదికి తోలేస్తున్నారు’ అని. ఆ అనుమానంలో తప్పేం లేదు. కాబట్టి నీ పని గురించి ఎత్తకుండా, ‘మీ పొలిమేరలో నీళ్లు ఎక్కడ పట్టేస్తున్నాయి?’ అని అడుగు. పూడికతీత ఎలాగూ మొగ వైపు మొదలై పైకి రావాలి. పైన తవ్వి కింద వదిలేస్తే ఆ బిల్లు డబ్బులు నీళ్లపాలు.

మన గోదావరి డెల్టాకి నీళ్లు తేవడమనే పని కాటన్ దొర కాలంలోనే ఒక దారికొచ్చింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వచ్చిన నీళ్లని బయటికి పంపడం మాత్రం ఈనాటికీ తెమలలేదు. 1960ల్లో ముంపుల మీద మిత్రా కమిటీ వేశారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో డ్రైనేజీ సెస్సు చట్టమే తెచ్చారు, అంటే మురుగు పోవడానికి రైతు విడిగా పన్ను కట్టాడు. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్చకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ డ్రెయిన్ల గోల కూడా వాళ్ల డిమాండ్లలో ఉంది. ఎవరో ఒకరు పైనుంచి వచ్చి తీరుస్తారని కూర్చుంటే కుదరదని చెప్పడానికే ఇదంతా.

వేసవికి కాలువలు కట్టేసి నీళ్లు ఆపాక, దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోయిన రోజుల్లో, డ్రెయిన్ వెంట నడవండి. కారులో వంతెన వంతెనకీ దిగి చూడటం కాదు, గట్టు మీద నడక. నీతో మీ సెక్రటరీ, ఇంజనీరింగ్ అసిస్టెంట్, పక్క ఊళ్ల సర్పంచ్‌లు, నీటి సంఘాల అధ్యక్షులు ఉండాలి. పేటల నుంచి మనుషుల్ని తప్పకుండా పిలువు. పల్లం ఎప్పుడూ పేటల వైపే ఉంటుంది, నీళ్లు ముందు నిలిచేదీ చివర దిగేదీ అక్కడే. ఏ తూము ఎంత మునిగిందో వాళ్లకి తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పదు. జలవనరుల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్ని) కూడా రమ్మను. పెద్ద డ్రెయిన్ వాళ్లది, వాళ్ల అనుమతి లేకుండా పార ముట్టుకున్నా రేపు నోటీసు వస్తుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి రాసిన 29 అంశాల్లో మంచినీళ్లు, రోడ్లు, కల్వర్టులు, చిన్న నీటిపారుదల అన్నీ ఉన్నాయి. క్షేత్రంలో మాత్రం కాలువ ఒకరిది, గట్టు ఒకరిది, దాని మీద తారు రోడ్డు ఇంకొకరిది.

నడకలో నీకు మూడు రకాల అడ్డాలు కనిపిస్తాయి. గుర్రపుడెక్క మొదటిది. దాన్ని ఒక ఊరు తీసి ఊరుకుంటే పైనుంచి కొట్టుకొచ్చి నెల తిరక్కుండా మళ్లీ అల్లుకుంటుంది. అన్ని ఊళ్లూ ఒకే వారంలో తీయాలి, తీసింది గట్టు మీదే పోసి మళ్లీ వానకి జారనివ్వకూడదు. రెండోది చేపల కోసం అడ్డంగా కట్టిన వలలు, వెదురు తడికలు. పోలీసుల్ని తీసుకెళ్లి పీకించే పని పెట్టుకోకు. అది వాళ్ల కూడు. వానాకాలంలో ఫలానా నుంచి ఫలానా దాకా తడికలు ఎత్తేస్తామని వాళ్ల పెద్దల చేత ఒప్పించు, మిగతా రోజులు వాళ్ల జోలికి పోకు. మూడోది మనవాళ్ల ఆక్రమణ. డ్రెయిన్ గట్టు కలిపేసుకుని అరటి వేసినవాడు, కొట్టు కట్టినవాడు. ఈ మూడోదానికి సర్వే చేయించకుండా నోరెత్తకు.

మొగ దగ్గర ఇంకో మెలిక ఉంది. నోరు వెడల్పు చేసి లోతు తవ్వేస్తే నీళ్లు సర్రున పోతాయని చాలామంది అనుకుంటారు. పాటుకి పోతాయి సరే, పోటుకి సముద్రం లోపలికి వస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీళ్లు ఎక్కి కొబ్బరి తోటలు ఎలా మోడులయ్యాయో నువ్వే చూశావు. కాబట్టి తవ్వకంతో పాటు తలుపులు, ఆ తలుపులు పోటుకి వేసి పాటుకి తీసే మనిషి, ఆ మనిషికి జీతం, ఇవన్నీ ఒకే కాగితం మీద అడగండి. ఒక్క సర్పంచ్ అడిగితే ‘చూద్దాం’ అంటారు. డ్రెయిన్ మీది పంచాయతీలన్నీ ఒకే మాట మీద అడిగితే కనీసం ఫైలు కదులుతుంది.

ఇక మంచినీళ్లు. కాలువ చివరన ఉండే మన శివారు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పే. వేసవంతా బతికేది కాలువ కట్టేలోగా చెరువు నింపుకున్న నీళ్ల మీదే. ఒకసారి లెక్క వేసి చూడు. జలజీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు. నాలుగు వేల మంది ఉన్న ఊరికి రోజుకి 2.2 లక్షల లీటర్లు. కాలువ యాభై రోజులు కట్టేస్తే 1.1 కోట్ల లీటర్లు. రెండున్నర ఎకరాల చెరువులో మూడున్నర అడుగుల పైచిలుకు నీళ్లు వాడకానికే పోతాయి. ఎండకి ఆవిరయ్యేవి, భూమిలోకి ఇంకేవి, అడుగున పంపు లాగలేని బురద నీళ్లు దానికి అదనం. మీ చెరువు లోతెంతో, పూడిక ఎంత చేరిందో ముందు కొలిపించు. పొరుగు ఊళ్ల చెరువులూ అలాగే కొలిపించి అంకెలన్నీ ఒక చోట రాయండి. ఎవరికి ఎన్ని రోజులు వస్తాయో తెలిస్తే సగం తగువు అక్కడే తీరిపోతుంది.

కాలువ కట్టే ముందు వారం అసలు పరీక్ష. అప్పుడే అందరికీ నీళ్లు కావాలి. ఎగువ ఊరు తూము ఎత్తేసుకుంటుంది, శివారుకి చేరేసరికి కాలువలో అడుగు కనిపిస్తుంది. వంతులు శివారు నుంచి పైకి పెట్టించు. చివరి ఊరు ముందు నింపుకోవాలి, ఆపైన దాని ఎగువది, అలా. పై ఊరికి కాలువ ఎలాగూ గుమ్మంలోనే ఉంది, చివరి రోజు దాకా వాళ్లకి నీళ్లు అందుతాయి. ఈ ఏర్పాటు అధికారులు రాసిస్తే వినరు, సర్పంచ్‌లు మాట అనుకుంటే నిలుస్తుంది. ఎగువ ఊరు ఒప్పుకోవాలంటే వాళ్లకీ ఏదో దక్కాలి. వాళ్ల మురుగు నీ పొలిమేర మీదుగా పోతోంది కదా, ఆ ముక్క ముందు బాగుచేసి చూపించు, ఆ తర్వాత వంతు మాటెత్తు.

రెండు మూడు ఊళ్లకి కలిపి సామూహిక రక్షిత మంచినీటి పథకం ఉంటే కరెంటు బిల్లు ఎవరి వాటా ఎంత, ఫిల్టర్ బెడ్‌లో ఇసుక ఎవరు మారుస్తారు, ఆపరేటర్ జీతం ఎవరిస్తారు అన్నవి ముందే తేల్చుకోండి. పైపులైనుకి నేరుగా మోటారు తగిలించే వాళ్ల సంగతి కూడా. పై ఊళ్లో పది ఇళ్లకి మోటార్లుంటే చివరి ఊరి కుళాయికి గాలే వస్తుంది.

భూముల విషయం ఇంతకంటే సున్నితం. చేపల చెరువు, రొయ్యల చెరువు పక్క ఊరి సర్వే నంబర్లో ఉంటుంది, ఊట మీ ఊరి వరి చేలోకి దిగుతుంది. అనుమతి ఇచ్చేది జిల్లా స్థాయి కమిటీ. ‘నా పంచాయతీ కాదు’ అని నువ్వూ, ‘నా చేతిలో లేదు’ అని ఆ సర్పంచూ అనుకుంటే రైతు ఎక్కడికి పోతాడు? నీ చేతిలో ఉన్నది ఒకటుంది. పొలిమేరకి దగ్గరగా చెరువుకి గానీ లేఅవుట్‌కి గానీ దరఖాస్తు వస్తే అవతలి సర్పంచ్‌కి వెంటనే చెప్పాలని రెండు ఊళ్లూ ఒప్పందం చేసుకోండి. చెరువు చుట్టూ ఊట కాలువ ఉందా, ఖాళీ చేసిన నీళ్లు మురుగు డ్రెయిన్‌లోకి పోతున్నాయా, లేక మంచినీళ్ల చెరువు నింపే కాలువలోకి వదులుతున్నారా అన్నది ఇద్దరూ కలిసి చూడండి. లేఅవుట్ల వాళ్లు మట్టి తోలి మెరక చేసేటప్పుడు మొదట చచ్చేది పంట బోదె. ఆ బోదె మీద కింద వందెకరాలు ఆధారపడి ఉన్నా కాగితంలో అది గీత కూడా కాదు. ఫైలు పంచాయతీకి వచ్చినప్పుడు బోదెకీ తూముకీ చోటు వదిలారో లేదో స్వయంగా వెళ్లి చూడు, అది పారే దిగువ ఊరి రైతుల్ని కూడా పిలువు.

ఒక మాట. మీ నాన్నకీ చెరువుంది. నువ్వు ఊట కాలువ అనగానే ఊళ్లో మొదట ఆ మాటే అంటారు. కాబట్టి ముందు మీ చెరువు చుట్టూ తవ్వించు. బావకి కోపం వస్తే నా పేరు చెప్పు.

రోడ్ల గురించి ఎక్కువ రాయను, వాటికి అడిగేవాళ్లు ఎక్కువ. ఒకటే చూసుకో: రోడ్డు ఎత్తు పెంచిన ప్రతిసారీ అది నీళ్లకి అడ్డుగోడ అవుతుంది. పక్క ఊరితో కలిపే రోడ్డు వేసేటప్పుడు ఎక్కడెక్కడ పైపు కల్వర్టులు పెట్టాలో రెండువైపుల రైతులూ చెప్పాలి. ఆక్వా లారీలు తిరిగే గట్టు రోడ్డు ఎవరు బాగుచేయాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి. లంక గ్రామాలకి దారి ఇచ్చే ఊరు మీది కాబట్టి వరద ఏర్పాటూ కలిపే చెయ్యి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కాజ్‌వే ఏ మట్టానికి మునుగుతుందో లంక వాళ్లకి తెలుసు. పడవ ఎవరిది, ఏ బడిలో దించాలి, గొడ్లని ఎక్కడ కట్టాలి అన్నవి జూన్‌లోనే రాసిపెట్టుకోండి. 2022 జూలై వరదలో అలా రాసుకోని చోట ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందిగా.

కాగితం పని తేలిగ్గా తీసుకోకు. ఒక ఊరి పంచాయతీ డబ్బు పక్క ఊరి పొలిమేరలో ఖర్చు పెడితే ఆడిట్‌లో దొరికిపోతావు. అందుకని ఎవరి ముక్క వాళ్లు తమ నిధులతోనే చేయండి, పొక్లెయిన్ మాత్రం అందరూ కలిసి ఒక్కటే మాట్లాడండి, ఒకే వారంలో. ఆర్థిక సంఘం నిధుల్లో నీళ్లకీ పారిశుద్ధ్యానికీ విడిగా కట్టిన వాటా ఉంటుంది, ఏది దేనికి పనికొస్తుందో సెక్రటరీని అడిగి ముందే తెలుసుకో. ప్రతి పంచాయతీలోనూ ఒకే వాక్యాలతో తీర్మానం రాయించండి, మిగతా ఊళ్ల పేర్లు అందులో ఉండాలి. రేపు సర్పంచ్ మారినా తీర్మానాల పుస్తకం ఉంటుంది. మీ డ్రెయిన్ రెండు మండలాల్లో పోతుంది కాబట్టి ఒక్క మండల పరిషత్ మీటింగ్‌లో చెప్పి వదిలేస్తే సగం పనే. ఆ మాటకొస్తే మీకు ఇది నయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తూర్పు డెల్టా వాళ్ల నీళ్లు మూడు జిల్లాల్లో పారుతున్నాయి, ముగ్గురు కలెక్టర్లని కూర్చోబెట్టాలి.

కమిటీలో పాతికమందిని పెట్టకు. ఊరికి ఇద్దరు చాలు. మొదటి మీటింగ్ నీ ఆఫీసులో కాదు, దిగువ ఊళ్లో పెట్టించు. పార్టీ కండువాలు బయట వదిలేసి రమ్మనమని చెప్పడం వృథా, ఎవరూ వదలరు. ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో చూపించే లెవెల్స్ కాగితం బల్ల మీద పరిస్తే వాటంతట అవే కాస్త పక్కకి పోతాయి. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలన్న గొడవ వస్తుంది, ఖాయం. ఫలకమే వద్దను, లేదా అక్షర క్రమంలో ఊళ్ల పేర్లు వేయించు. ఇంకొకటి, మీ ఆయన్ని వెంట తీసుకెళ్తే తీసుకెళ్లు గానీ మాట్లాడేది నువ్వే. దిగువ ఊరి సర్పంచ్ కూడా ఆడమనిషేనట. అక్కడ వాళ్లాయన ముందుకొచ్చి కుర్చీలో కూర్చుంటే నువ్వు ఆవిడ వైపే చూసి మాట్లాడు.

మొదటి ఏడాది ఒక్క డ్రెయిన్, ఒక్క వేసవి వంతు. లేఅవుట్ల సంగతి రెండో ఏడు చూడొచ్చు.

మీ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన చెరువు గట్టు వీధిలో ఉంటాడు. పొద్దున్నే వెళ్లు, పది దాటితే పడుకుంటాడు. మూసేసిన పాత తూములు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకి తెలుసు. నా దగ్గర పాత డ్రెయిన్ మ్యాపు ఒకటుంది, జిరాక్స్ తీయించి వచ్చే ఆదివారం బస్సులో ఇచ్చి పంపుతాను. కాలువ కట్టే తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, మోకాళ్లు సహకరిస్తే నేనూ మీతో నడుస్తాను.

మీ మావయ్య