బేస్ సూత్రం కాకుండా ఏఐలో అనిశ్చితిని ఎలా లెక్కిస్తారు?

జబ్బేదో కనిపెట్టే పనినే తీసుకుందాం. బేస్ (Bayes) సూత్రానికి కావాల్సిన ముందస్తు సంభావ్యతలు (ఆధారాలు చూడకముందు ఒక్కో జబ్బుకు ఉండే అవకాశం) చేతిలో లేకపోతే డెంప్‌స్టర్-షేఫర్ పద్ధతి చూడండి. ఇందులో నమ్మకాన్ని ఒక్కో జబ్బుకే కాదు, జబ్బుల గుంపుకూ ఇవ్వొచ్చు. తెలియని భాగాన్ని మొత్తం సమితి (సాధ్యమైన జబ్బులన్నీ) మీదే ఉంచేయొచ్చు. రెండు ఆధారాలను కలిపేటప్పుడు పొసగని భాగాన్ని కొట్టేసి, మిగిలినదాన్ని 1కి సరిచేస్తారు. చిక్కంతా ఇక్కడే. ఒక డాక్టరు మెనింజైటిస్‌కు 0.99, కణితికి 0.01 ఇచ్చారు, ఇంకొకరు తలదెబ్బతో వచ్చే కంకషన్‌కు 0.99, కణితికి 0.01. కలిపితే కణితికి ఏకంగా 1 వస్తుంది! కంప్యూటర్ శాస్త్రవేత్త లాట్ఫీ జాదే చూపిన ఉదాహరణ ఇది. కాబట్టి ముందు వైరుధ్యం విలువ చూడాలి (రెండు ఆధారాల్లో పొసగని భాగం ఎంతో; ఇక్కడ 0.9999). అది ఎక్కువుంటే ఒక్కో ఆధారం నమ్మదగినతనాన్ని బట్టి కొంత కోసి, సమితికి మళ్లించాకే కలపాలి.

ఇన్ఫెక్షన్లను గుర్తించే 1970ల నాటి వైద్య ప్రోగ్రాం మైసిన్‌లోని నిశ్చయ గుణకాలు (ఒక నిర్ధారణపై నమ్మకం ఎంతో చెప్పే అంకెలు) తేలిక: 0.6, 0.5 కలిస్తే 0.6 + 0.5×(1−0.6) = 0.8. కాకపోతే రెండు లక్షణాలకూ కారణం ఒకటే అయితే ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కేసినట్టే.

అవును-కాదులకు మధ్య స్థాయిలనూ ఒప్పుకునే ఫజీ లాజిక్‌నూ ఈ వరసలోనే చెబుతుంటారు గానీ, అది ‘జ్వరం ఎక్కువ’ అనే మాటలోని అస్పష్టతకు పనికొస్తుంది; జబ్బేదో తెలియకపోవడానికి కాదు.