సొరతీగ రాత్రిపూట ఎట్లా సాగుతుంది? రాత్రంతా లైటు వేస్తే ఇంకా పెరుగుతుందా?

రాత్రికి రాత్రే సొరతీగ జానెడు సాగిందని, ఎండ లేకుండా ఎట్లా పెరిగిందని, డాబా మీద రాత్రంతా లైటు వేసి ఉంచితే ఇంకా పెరుగుతుందా అని అడిగారు కదా. లైటు మాత్రం వేయకండి. హన్మకొండలో మా మిద్దె మీద చాలా ఏళ్లుగా సొర, బీర, చిక్కుడు పెడుతున్నాను. తీగ పక్కన వెదురు కర్ర పాతి, పడుకునే ముందు ఒక గీత, మబ్బుల లేచి ఒక గీత పెట్టి చూడడం నాకు అలవాటు, అందుకే మీరు చెప్పింది నాకు కొత్త కాదు.

ఎండ కావాల్సింది తిండి తయారు చేసుకోవడానికి. సాగడం వేరే పని, దానికి కణాల్లో నీళ్ల ఒత్తిడి కావాలి, హార్మోన్లు కావాలి, ఎప్పుడు సాగాలో చెప్పే గడియారం కూడా మొక్క లోపలే ఉంటుంది. 1729లోనే ఫ్రాన్స్‌లో డి మెరాన్ అనే శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూస్తే, సూర్యుడు కనపడకపోయినా దాని ఆకులు పగటివేళకు విచ్చుకుని రాత్రివేళకు ముడుచుకున్నాయి. మన రోడ్ల పక్కన నిద్రగన్నేరు చెట్లు పొద్దుగూకేసరికి ఆకులు ముడవడం మీరూ చూసే ఉంటారు.

ఈ సాగుడు ఎక్కువగా తెల్లవారుజామునే జరుగుతుంది. మరి చీకటి పడగానే సాగడం మొదలుపెట్టొచ్చు కదా, అప్పటిదాకా ఎందుకు ఆగాలి? నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని బాగా పరిశోధించారు. కాండాన్ని సాగదీసే పిఫ్ అనే ప్రొటీన్లు ఉంటాయి, ఆక్సిన్ హార్మోన్ తయారీని పెంచేవి కూడా అవే. పగలు వెలుతురును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ఇంకో ప్రొటీన్ వీటిని నిలవనివ్వదు. చీకటి పడ్డాక ఆ అడ్డు పోతుంది, కానీ రాత్రి మొదటి భాగంలో గడియారానికి చెందిన మూడు ప్రొటీన్లు కలిసి పిఫ్ జన్యువులను అణచిపెడతాయి. రాత్రి చివరికి ఆ పట్టు సడలుతుంది, బయట ఇంకా చీకటే, అప్పుడు పిఫ్‌లు పోగై కాండం జోరుగా సాగుతుంది, తెల్లారి వెలుతురు పడగానే ఆ జోరు తగ్గిపోతుంది. పైగా అదే మోతాదు ఆక్సిన్ ఇచ్చినా మొక్క ఒక్కో వేళ ఒక్కోలా స్పందిస్తుందని 2007లో తేల్చారు, జిబ్బరెల్లిన్ అనే ఇంకో పెరుగుదల హార్మోన్‌కు కూడా రాత్రే ఎక్కువ స్పందిస్తుంది.

తిండి సంగతంటారా, పగలు దాచుకున్న పిండిపదార్థాన్ని సరిగ్గా తెల్లారేదాకా వచ్చేటట్టు కొలిచి వాడుకుంటుంది, ఆ లెక్క చూసేది కూడా గడియారమే.

మక్కజొన్న, వరి ఆకులు మాత్రం ఈ దారిలో పోవు. వాటి సాగుదల ఎక్కువగా వేడిని బట్టి ఉంటుంది, అందుకే సొరతీగను చూసి మక్క చేను గురించి అంచనా వేయొద్దు.

ఇక లైటు. మామూలు బల్బు వెలుగు తిండి తయారీకి ఏ మూలకూ చాలదు, కానీ రాత్రిని పగలనుకునేలా చేసి గడియారాన్ని తికమక పెట్టడానికి సరిపోతుంది. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు సోయా వేసిన వాళ్లను అడగండి, వీధి దీపం పడే చోట చేను మిగతాది పండిపోయినా పచ్చగానే నిలబడి ఉంటుంది, ఎందుకంటే సోయా పూతకు రావాలంటే పొడుగు రాత్రి కావాలి. ఇంకోటి, నీడలో మిర్చి నారు సన్నగా పొడుగ్గా సాగేదీ ఈ పిఫ్‌ల వల్లనే, కాబట్టి పొడుగు పెరిగిన ప్రతి మొక్కా బలంగా ఉందనుకోకండి.

డాబా మీద లైటు తప్పదంటే తీగ మీద పడకుండా పక్కకు తిప్పండి, పని అయ్యాక ఆర్పేయండి. ఎండాకాలంలో నేను సాయంత్రం వేరు దగ్గర బాగా తడుపుతాను, నీళ్లు అందిన తీగే రాత్రి బాగా సాగుతుంది.