జూలైలో గడ్డి అంత జోరుగా ఎందుకు పెరుగుతోందంటే

అమెరికాలోని విస్కాన్సిన్‌లో బెంట్‌గ్రాస్ అనే సన్నగడ్డి వేసిన గోల్ఫ్ గ్రీన్‌కి (బంతి పడే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన చోటుకి) నాలుగు వారాలకోసారి గడ్డి ఎదుగుదలను తగ్గించే మందు ట్రినెక్సాపాక్-ఇథైల్ కొడుతున్నా, జూలైలో గడ్డి మునుపటికంటే జోరుగా పెరుగుతోందని రాశారు. మందు నకిలీది అయ్యుండదండీ, రోజుల లెక్కే తప్పింది. ఈ మందు మొక్కను పొడవు పెంచే హార్మోన్ జిబ్బరెలిన్ తయారీలో చివరి మెట్టును ఆపుతుంది. ఎండ ముదిరేకొద్దీ మొక్క మందును త్వరగా అరిగించుకుంటుంది, ఆ తర్వాత కొన్నాళ్లు ఆగిన పెరుగుదల తన్నుకొస్తుంది. మీరు చూస్తున్నది అదే.

క్యాలెండర్ వదిలేసి వేడిని లెక్కపెట్టండి. రోజూ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటును సెల్సియస్‌లో రాసి కూడుతూ పోండి. మొత్తం 200కి చేరగానే మళ్లీ కొట్టి, సున్నా నుంచి మొదలుపెట్టండి. సగటు 10 ఉంటే 20 రోజులొస్తుంది, 25 ఉంటే 8 రోజులే!

మోతాదు రెట్టింపు చేయొద్దు. పనిచేసే రోజులు పెద్దగా పెరగవు, ఆకు పసుపెక్కుతుంది. 11.3 శాతం మందైతే గ్రీన్‌లో వెయ్యి చదరపు మీటర్లకు 40 మి.లీ. చాలు. ఆకే పీల్చుకోవాలి కాబట్టి గంట దాకా నీళ్లు పెట్టకండి. నీటి ఎద్దడితో వాడిపోయిన గడ్డిమీద మాత్రం అస్సలు కొట్టకండి, అది కోలుకోవాలంటే కొత్త ఆకు రావాలి.