కేడెమా, డాలా?

ప్రశ్న: బైబిల్లో 91వ కీర్తన 4వ వచనంలో దేవుని సత్యం 'కేడెమును డాలునై యున్నది' అని ఉంది. రెండూ ఒకటే కదండీ, రెండుసార్లు ఎందుకు?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: తెలుగులో దాదాపు ఒకటే, మూలభాష హీబ్రూలో కాదు. మొదటిది 'సిన్నా', ఒళ్లంతా కప్పే పెద్ద డాలు. దావీదుతో తలపడిన మహాకాయుడు గొల్యాతు ముందు ఒకడు మోసుకుంటూ నడిచాడే, అదే. చిక్కంతా రెండోదైన 'సొహెరా'తోనే. హీబ్రూ బైబిల్ మొత్తంలో ఈ మాట ఇక్కడొక్కచోటే వస్తుంది, పోల్చి చూద్దామంటే ఇంకో వాక్యం లేదు, అందుకే పండితులు ధాతువు పట్టుకుని లాగుతారు. దాని అర్థం చుట్టూ తిరగడం. ఊరూరా తిరిగే వర్తకుడి పేరు 'సోహేర్' కూడా అందులోంచే వచ్చింది. దాంతో కొందరు గుండ్రటి చిన్న డాలు అన్నారు, కొందరు చుట్టుగోడ అన్నారు.

నాకు చుట్టుగోడే నచ్చుతుంది. మీ వైపు పొద్దుగూకాక గొర్రెల్ని దొడ్డిలోకి తోలి, చుట్టూ తుమ్మకంప వేసి, చివరికి వాకిట్లో కూడా ఒక కంప అడ్డం లాగుతారు చూడండి, అలాంటిదన్నమాట. డాలు ముందు నుంచి వచ్చే దెబ్బనే ఆపుతుంది, వెనక సంగతేంటి?

అలాగని మన అనువాదం తప్పని పాస్టరుగారితో గొడవ పెట్టుకోకండి, డాలు అన్నవాళ్లూ తక్కువేం లేరు.